ఆరు డిగ్రీల వంపు

బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరం డాక్టరు చెన్నకేశవులుకు ఒక్కపూట సంతోషమైనా మిగల్చలేదు.

అది 1966. తొడ ఎముక విరిగి, నెలల తరబడి పిండికట్టుతో పడుకుని, మోకాలు బిగుసుకుపోయినవాళ్లను ఆయన హిందూపురంలో నాలుగేళ్లుగా చూస్తున్నాడు. కొందరికి కసరత్తులే చేయించాడు. ఓ ముప్పైమందికి కోసి కండరం సడలించాడు. కసరత్తులవాళ్లకంటే కోసినవాళ్ల మోకాళ్లు సగటున ఆరు డిగ్రీలు ఎక్కువ వంగాయి. అంకెలు పరీక్షించిన బెంగళూరు మిత్రుడు, "ఇది గాలివాటున వచ్చిన తేడా కాదు, నిజమైనదే. పత్రికకు పంపు" అని రాశాడు.

తేడా నిజమే. కానీ సోమవారం ధర్మవరం నుంచి చౌడేశ్వరి ఆపరేషనుకు వస్తోంది. పట్టుచీరలు నేసే పిల్ల. మగ్గం గుంతలోకి కాళ్లు దించి తొక్కాలంటే మోకాలు తొంభై డిగ్రీలైనా వంగాలి. ఆమెది అరవై దగ్గరే ఆగిపోయింది. పోయిన నెల ఒకాయనకు కోసినచోట చీము పట్టి, కాలు దక్కేసరికి డాక్టరుకు తలప్రాణం తోకకొచ్చింది. ఆరు డిగ్రీల కోసం ఈ పిల్లను ఆ గండంలోకి దించొచ్చా?

ఆదివారం పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో దిగాడు. తాను కోసి, రిజిస్టరులో 'మంచి ఫలితం' అని రాసుకున్న పోతులయ్య, మేకల దొడ్డి దగ్గర దొరికాడు.

"ఏమప్పా, కాలెట్లుండాది?"

"బాగుండాది సామీ. మునుపటికంటే వంగుతాండాది."

"మునుపు చేయలేని పని ఇప్పుడేం చేస్తాండావు?"

పోతులయ్య దొడ్డి తడిక సర్దబోయాడు. భార్య పెద్దక్క అందుకుంది. "ఏమీ లేదు సామీ. గొంతుక్కూర్చోలేడు. మేకల పాలు అప్పుడూ నేనే పిండితి, ఇప్పుడూ నేనే పిండుతాండా. మీ మనసు నొచ్చుకుంటాదని చెప్పడు."

డాక్టరు ముప్పై మోకాళ్లు కొలిచాడు గానీ, ఈ మాట ఒక్కరినీ అడగలేదు.

మధ్యాహ్నం రైలుకు ధర్మవరం చేరేసరికి చౌడేశ్వరి బట్టలు మూటగట్టుకుని సిద్ధంగా ఉంది. ఆయన నిలబడే చెప్పాడు, మోకాలు కొంచెం వంగొచ్చు, చీమూ పట్టొచ్చు అని.

ఆమె నాయన ఆంజనప్ప మండిపడ్డాడు. "మొన్నటిదాకా మేలైతాదంటిరి గదా!"

"అంటిని. తెలియక అంటిని."

చౌడేశ్వరి మెల్లగా అడిగింది. "కోసినాక మళ్లీ మగ్గమెక్కినోళ్లు ఎవరన్నా ఉండారా సార్?"

"నేల మీద కూర్చోగలిగినోళ్లు ఉండారేమో కూడా నాకు తెలీదమ్మా. ఈ పొద్దే మొదటిసారి ఒకాయన్ను అడిగినా. ఆయన వల్ల కాలేదు."

ఆమె కళ్లనీళ్లు తుడుచుకుని, "అయితే కోయొద్దు. నాయనా, కూర్చునే తావు ఎత్తు చేసి, తొక్కుడు చెక్కలు ముందుకు జరిపితే కాలు చాపి తొక్కలేనా?" అంది. ఆంజనప్ప రెండ్రోజులు అలిగి, మూడోరోజు మగ్గం గుంత సవరించడానికి గడ్డపార తీసుకున్నాడు.

డాక్టరు తక్కిన ఇరవైతొమ్మిదిమందినీ వెదుక్కుంటూ తిరిగాడు. కొత్తగా ఏదైనా చేయగలుగుతున్నామన్నవాళ్లు ముగ్గురే. ముగ్గురివీ కోయకముందే ఎనభై దాటి వంగిన మోకాళ్లు. డిగ్రీల లెక్క పక్కనే ఆ ముగ్గురి లెక్కా రాసి, మిత్రుడు ఏమంటాడోనని భయపడుతూనే పత్రికకు పంపాడు. నాలుగు నెలలైనా జవాబు లేదు.

ఈలోగా చౌడేశ్వరి ఎత్తు మార్చిన మగ్గం మీద మొదటి చీర నేసి, కోసి దించింది. మామూలుగా పట్టే రోజులకు రెట్టింపు పట్టింది. అంచు ఒకచోట వంకర పోయింది. ఆంజనప్ప సణిగాడు. ఆమె వినిపించుకోకుండా రెండో చీరకు పోగులు అతుకుతూ కూర్చుంది.