ఇత్తడి ఫలకం, కొత్త స్విచ్

సావో పాలోలోని ఆ షేర్ల వ్యాపార సంస్థకు, కంప్యూటర్లకు సమాచారం పంచే కొత్త నెట్‌వర్క్ స్విచ్ వచ్చిన రోజున డైరెక్టర్ ఎవాల్దో నేల మీద నడవలేదు. పాత స్విచ్ ప్రతి ప్యాకెట్‌నూ, అంటే సమాచారపు ముక్కనూ, పూర్తిగా లోపలికి తీసుకుని, బాగుంటేనే ముందుకు పంపేది. కొత్తదానికి అంత ఓపిక లేదు. చిరునామా కనబడగానే, వెనక భాగం ఇంకా వస్తుండగానే అవతలికి తోసేస్తుంది.

నెట్‌వర్క్ ఇంజనీరు జురేమా రెండింటినీ పోల్చి చూసింది. "వేగం నిజమేనండీ. కానీ పాడైన ప్యాకెట్‌ని కూడా ఇది అంతే వేగంగా..."

"అంతే వేగంగా! విన్నారా?" అన్నాడు ఎవాల్దో, పక్కవాళ్ళ వైపు తిరిగి. మిగతా మాట వినే తీరిక పెద్దవాళ్ళకు ఎక్కడిది?

ప్రారంభోత్సవానికి స్విచ్ బీరువా మీద ఆయన పేరు చెక్కిన ఇత్తడి ఫలకం బిగించారు. సంస్థలో పెద్ద భాగస్వామి ఇయోలాందా రిబ్బను కత్తిరించింది. అందరూ కాఫీ తాగుతుండగా తెరల మీద ధరలు ఆగి ఆగి రాసాగాయి. పాడైన ప్యాకెట్లు వస్తున్నాయని ప్రతి కంప్యూటరూ గగ్గోలు పెట్టింది.

"కంప్యూటర్లన్నీ ఒక్కసారే చచ్చాయి! అన్నీ మార్చేయండి!" అని ఎవాల్దో కేకలేశాడు. కొత్త స్విచ్‌ను అనుమానించడం మహాపచారం కదా.

జురేమా ఆ అపచారమే చేసింది. స్విచ్‌లో నమోదైన లెక్కలు తీసి చూస్తే చెత్తంతా ఒక్క తీగలోంచే వస్తోంది, ఎక్స్ఛేంజీ నుంచి ధరలు తెచ్చే తీగ. దాన్ని పట్టుకుని వెళితే, ఫలకం తాలూకు స్క్రూ అందులో దిగబడి ఉంది.

"పాతదైతే చెత్తని గుమ్మంలోనే ఆపి, ఫలానా తీగ పాడైందని చెప్పేది," అందామె. "ఇది శ్రద్ధగా ఇంటింటికీ పంచిపెట్టింది."

ఇయోలాందా నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే దీన్ని తీసి పారేద్దామా, అమ్మాయ్?"

ఎవాల్దో ముఖం చూశాక అవునని అనేయాలని జురేమాకు ఎంత అనిపించిందో! కానీ కొత్త తీగ వేయగానే ధరలు పాత స్విచ్‌లో కంటే ముందే వచ్చాయి. అది అబద్ధం కాదు.

"వద్దండీ. షేర్లు కొనేచోట ఇది ఉండనివ్వండి. జీతాలూ లెక్కలూ చూసేచోట పాతది పెడదాం, అక్కడ కాస్త ఆలస్యమైతే కొంపలు మునగవు. తీగలు మాత్రం నేను రోజూ చూసుకోవాలి."

"ఇంకేం కావాలి?"

"ఈ గది తాళంచెవి."

ఇయోలాందా ఎవాల్దో వైపు చెయ్యి చాచింది. అతను జేబులన్నీ తడుముకుని, చివరికి తాళంచెవి తీసి ఇచ్చాడు.