అరంగుళం ఎక్కువ

బ్రేకు బ్లాకు ప్యాట్రన్ మూల మీద గరుకు కాగితం రుద్దుతున్న జగ్గారావు చెయ్యి, తిమోతి మాట విన్నాక కూడా ఆగలేదు. ముప్పైనాలుగేళ్ళుగా కర్ర మీద ఆడుతున్న చెయ్యి అది. మనిషిని అడక్కుండానే తన పని తాను చేసుకుపోతుంది.

"ఏటన్నావు? మళ్ళీ సెప్పు."

తిమోతి పక్క బెంచీవాడు. మిషను బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివాడు గనక ఇంగ్లీషు కూడబలుక్కోగలడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నీ ఇంజను కాడెట్టిన కార్డు మీద నీ పేరు లేదు మావా. ఉమాపతి గారి పేరుంది. బొమ్మ గీసినోడూ ఆయనే, ఇంజను సేసినోడూ ఆయనేనని రాసుంది. నిన్న మా ఇంటిదాన్ని తీసుకెళ్ళినాను గదా, అప్పుడు సదివినాను."

అప్పుడు ఆగింది చెయ్యి.

పొట్టి మనిషి జగ్గారావు. వచ్చే ఏడు రిటైరవుతాడు. చెవుల మీది వెంట్రుకల్లో ఎప్పుడూ ఇంత రంపంపొట్టు ఉంటుంది. ఎడమ బొటనవేలికి గోరు లేదు. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంటుంది. సర్వీసులో చేరిన నాటినుంచి చేసింది ఒకటే పని. ఇనుములో పోతపోయవలసిన ప్రతి సామానునూ ముందు కర్రతో, ప్యాట్రన్‌గా, చేసివ్వడం. దాన్ని ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము బయటికి పోయి బండి కింద తిరుగుతుంది, కర్ర ముక్క స్టోరులో దుమ్ము కొట్టుకుంటూ పడుంటుంది. చేసినవాడి పేరు ఎవడడిగాడు గనక! జగ్గారావూ ఏనాడూ అడగలేదు. ఈ ఒక్కదానికే ఆశపడ్డాడు.

ఆ ఇంజను రైల్వే వర్క్‌షాపుది కాదు. గోల్‌బజార్‌లో పాత కిటికీల టేకు కొని, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టరులో, డ్యూటీ దిగాక, నాలుగేళ్ళపాటు తన చేత్తో చేసుకున్న నాలుగడుగుల ఆవిరి ఇంజను. చక్రాలు తిరుగుతాయి. కొలిమి తలుపు తెరుచుకుంటుంది. డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసే ఉమాపతి గారు దయతలిచి ఇచ్చింది నాలుగడుగుల ఇంజను కొలతలు గీసిన ఒక పాత నీలం నక్షా, అంతే. ఫాల్గుణంలో ఊళ్ళో పెద్దలు కొందరు వసంత కళా సమితి అని పెట్టి, హాలు తీసుకుని, బొమ్మల ప్రదర్శన పెడితే, ఆయనే ఇంటికొచ్చి ఇంజను తీసుకెళ్ళాడు. పేరుగల కార్డు పెడతారోయ్, అన్నాడు కూడా.

పది రోజులు. పది రోజులూ డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, ఆ హాలుకి వెళ్ళాడు. మొదటి రోజు పెళ్ళాం జోగమ్మను తీసుకెళ్ళాడు. గోడలకి తగిలించిన బొమ్మలన్నీ చూశాడు. ఏరు, ఏటి ఒడ్డున ఎర్రగా పూసిన మోదుగ చెట్లు గీసిన బొమ్మ ముందు రోజూ ఆగేవాడు. బొమ్మ బాగుంది గానీ ఫ్రేము మూలలు సరిగా అతకలేదని బాధపడేవాడు. చివరికి ఇంజను దగ్గరికి వచ్చి, ఆ తెల్ల కార్డు మీది నల్లటి అక్షరాలు చూసుకుంటూ నిలబడేవాడు. తెలుగైతే చదివేవాడు. ఇంగ్లీషు రాదు గనక అవి తన పేరే అనుకున్నాడు. ఒకరోజు ఎవరూ చూడకుండా వేలితో తడిమాడు కూడా. ఎంత సిగ్గు! ఉమాపతి పేరును తడిమి మురిసిపోయాడు.

శనివారం. ఒంటిపూట సైరను కూసింది. ప్రదర్శనకి ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం కలకత్తా నుంచి వచ్చిన పెద్దమనిషి కొన్ని వస్తువులు ఏరి అక్కడి మ్యూజియానికి పంపిస్తాడట. ఇంజను ఆ జాబితాలో ఉందని ఊరందరికీ తెలుసు. అద్దాల పెట్టెలో, ఆ కార్డుతో సహా, వందేళ్ళుంటుంది. వందేళ్ళూ ఉమాపతి చేసినట్టే ఉంటుంది.

జోగమ్మ అన్నం వడ్డించి, విషయం విని, గరిటె గిన్నెలో పడేసింది.

"నాలుగేళ్ళు కొంపలో కాలెట్టడానికి సోటు లేదు. గుడ్డెట్టి రుద్ది రుద్ది నా సేతులు బొబ్బలెక్కినాయి. ఆ ఉమాపతి బాబు రుద్దినాడేటి? నువ్వు ఒగ్గేస్తే నానే ఎల్తాను."

"నానే ఎల్తాను. అన్నం తిననీ."

తినలేదు. కలుపుకుని వదిలేశాడు. చొక్కా మార్చుకుని, గోడకి వేలాడుతున్న ఇత్తడి అంచుల స్కేలు తీసి చంకలో పెట్టుకున్నాడు. దాన్ని షాపులో అందరూ పొడుగు స్కేలంటారు. పోతపోసిన ఇనుము చల్లారితే అడుగుకి ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. అందుకని ప్యాట్రన్ చేసేవాడి అడుగు లోకం అడుగు కన్నా ఒక సూతు ఎక్కువుంటుంది. స్కేలు మీద గీతలే అలా ఉంటాయి. లెక్క వేసుకోనక్కర్లేదు, కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు. పాత ఫోర్‌మన్ రిచర్డ్ దొర ఊరొదిలి పోతూ ఇచ్చిన ఆ స్కేలుతోనే జగ్గారావు బతుకంతా కొలిచాడు.

ఇంజను కూడా దానితోనే కొలిచాడు. ఇంట్లో ఇంకో స్కేలు లేదు. కర్ర ఇంజను కర్రగానే ఉంటుంది, దేనిలోనూ పోతపోయరు, కుంచించుకుపోదు అన్న సంగతి నాలుగేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. అంతా అయ్యాక, ఎవరిదో మామూలు టేపు పెట్టి చూస్తే తెలిసింది. నాలుగడుగులకి నాలుగు సూతులు. అరంగుళం ఎక్కువ. ఆ రోజు టేపు చుట్టేసి, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. ప్యాట్రన్ షాపులో కొలత తప్పినవాడి వంక చూసి ఎలా నవ్వుతారో అతనికి తెలుసు. అతనూ నవ్వినవాడే.

హాలు నిండా జనం. తిమోతి ముందే వచ్చి తలుపు దగ్గరున్నాడు. ఇంజను పక్కన ఉమాపతి మల్లెపూవులాంటి పంచె కట్టుకుని, కలకత్తా పెద్దమనిషికి ఏదో వివరిస్తున్నాడు. జగ్గారావును చూసి ముఖం కాస్త మారింది, మళ్ళీ నవ్వింది.

"ఏమోయ్ జగ్గారావ్, రా రా. చూశావా, మన ఇంజను కలకత్తా వెళుతోంది."

"కార్డు మీద నా పేరు లేదంట బాబూ."

ఉమాపతి అతన్ని భుజం పట్టుకుని పక్కకి నడిపించాడు. "అది కాదోయ్. నక్షా నాది కదా. నక్షా ఉంటే ఇంజను ఉన్నట్టే. నువ్వు చెయ్యి సాయం చేశావు, కాదనను. దీనికి ఇంత రాద్ధాంతమా? నీకు నేను విడిగా ఏదో చూస్తాలే."

చెయ్యి సాయమట! నాలుగేళ్ళు, చెయ్యి సాయం! జగ్గారావు ఆ చేతిని భుజం మీంచి తీసేసి, కలకత్తా పెద్దమనిషి ముందుకెళ్ళి నిలబడ్డాడు. వచ్చీరాని బెంగాలీలో, దీన్ని నేను చేశాను దాదా, అన్నాడు. ఆయన కళ్ళజోడులోంచి ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. రుజువేమిటని అడిగాడు.

రుజువుంది. ఒకటే ఉంది. అది బయటపెడితే ఈ హాలులో షాపువాళ్ళు సగంమంది వింటారు.

"కొలవండి," అన్నాడు. "నక్షాలో నాలుగడుగులు. ఇది అంతకన్నా అరంగుళం ఎక్కువుంటాది."

ఉమాపతి పకపకా నవ్వాడు. "నా నక్షాలో వెంట్రుకవాసి తేడా ఉండదండీ. కొలిపించండి."

టేపు తెచ్చారు. ఒకసారి పెట్టారు. తిప్పి మళ్ళీ పెట్టారు. నాలుగడుగుల అరంగుళం. పెద్దమనిషి టేపు మీద వేలు ఉంచి, ఇదేమిటన్నట్టు ఉమాపతి వంక చూశాడు. ఉమాపతి ముఖం కందగడ్డలా అయింది. ఇరవై ఏళ్ళు గీతలు గీసిన మనిషి, నలుగురిలో తన గీతను తప్పుపడితే పడి ఉండగలడా.

"నక్షాలో తప్పు లేదు," అని అరిచాడు. "తప్పంతా వీడిది. చూసుకోకుండా చేశాడు వెధవ."

తను ఏమన్నాడో ఉమాపతికి ఒక క్షణం తరవాత తెలిసింది.

"ఔను బాబూ. నానే సేసినాను," అన్నాడు జగ్గారావు. చంకలోని స్కేలు తీసి టేపు పక్కన పెట్టి చూపించాడు. "దీన్తో సేసినాను. ప్యాట్రనోడి అడుగు. పదేళ్ళు మీరు గింజుకున్నా మీ సేత్తో ఈ తప్పు రాదు."

పెద్దమనిషి టేపునూ స్కేలునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. కార్డు తిరగేసి, వెనక పెన్సిలుతో పేరు రాశాడు. తరవాత జాబితా తీసి, మెత్తగా, కొలతకి సరిపోనిదాన్ని మ్యూజియం తీసుకోదయ్యా, అని ఒక గీత కొట్టేశాడు. తిమోతి అయ్యో అన్నాడు. జగ్గారావు కార్డు వంకే చూశాడు.

"తిమోతీ, ఏటి రాసినాడు?"

"జగ్గారావు, ప్యాట్రన్ షాపు, అని."

"అరంగుళం ఎక్కువ అని కూడా రాయమను. దాపరికం దేనికి?"

రాశారు.

రిక్షాలో ఇంజను ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాడు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు, ఉమాపతిని కాదు, తనను. పది రోజులు ఆ కార్డు ముందు చేతులు కట్టుకు నిలబడ్డందుకు. ఇంజనును దాని పాత చోట, కిటికీ కింది బెంచీ మీద పెట్టి, ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. టీ అడిగాడు. జోగమ్మ పొయ్యి ఊది, టీ కాచి తెచ్చేసరికి తల గోడకి ఆనించి ఉన్నాడు. నిద్రపోయాడనుకుని గ్లాసు పక్కన పెట్టింది. వీధిలో ఇంకా వెలుతురుంది. టీ మీద మీగడ కట్టాక, పిలిచి చూసింది.

పన్నెండో రోజు కర్మ అయ్యాక ఉమాపతి కబురు పంపాడు, ఇంజను ఇస్తే ఆఫీసులో గౌరవంగా పెట్టిస్తానని. తిమోతి ఆ కబురు మోసుకొచ్చాడు, తలొంచుకుని.

"కొలత తప్పింది గదేటి, ఆయనకెందుకంట?" అంది జోగమ్మ. "ఇయ్యనని సెప్పు. పోయిన మనిషిని వెధవన్నాడు. ఆ మాట కడుపులో మండుతోంది నాకు."

తిమోతి ఇంజను దగ్గరికెళ్ళాడు. ప్యాట్రన్ వాళ్ళ అలవాటు కొద్దీ, బొటనవేలు ఇంజను చివర నుంచి కింది బెంచీ అంచు మీదికి జరిపాడు. ఆ చివరా చూశాడు. ఎక్కడా తేడా వేలికి తగల్లేదు.

"ఈ బెంచీ ఎవరు సేసినారు అత్తా?"

"ఇంకెవరు? పెళ్ళైన కొత్తలో, ఆ ఇత్తడి స్కేలెట్టుకుని. నాలుగడుగులని సెప్పీవోడు."

కిటికీలోంచి పడిన ఎండలో ఇంజను ఆ బెంచీ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి సరిగ్గా సరిపోయి ఉంది, పెన్సిలు రాత కార్డు పొగగొట్టానికి ఆనించి.