పది టమాటాలు

నాకు కోపమెక్కువని డోర్నకల్ రైల్వే క్వార్టర్ల వెనక అందరికీ తెలుసు. మా ఆయన నవీద్‌కు అందరికన్నా బాగా తెలుసు. తెలిసీ నాకు చెప్పకుండా ఆ పని చేశాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. రైల్వే గేటు దగ్గర రోడ్డు మీదే అందరం వండుకుని తినేలా వంటా వార్పు పెట్టుకున్నాం. కూరగాయలు మా తోటలోంచి ఇస్తానని నలుగురిలో మాటిచ్చాను. ఎలుకలేమో వంకాయ, టమాటా అని చూడకుండా కొరికి పారేస్తున్నాయి. నవీద్ ఎలుకల మందు తెస్తానన్నాడు. వద్దన్నాను. నిరుడు మందు తిన్న ఎలుకను తిని మా పిల్లి గిలగిలా కొట్టుకుని చచ్చింది. అది ఉంటే ఈ తిప్పలే లేవు. అందుకే తండా నుంచి భీమ్లన్నను పిలిపించాను. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి, ఎండుమిరపకాయలు వేసి రాజేస్తాడు. కుండ మూతిని ఎలుక బొక్కకు ఆనించి, చిల్లిలోంచి పొగ ఊదుతాడు. ఎలుకలు ఊపిరాడక లోపలే చావాలంటే మిగతా బొక్కలన్నీ ముందే బురదతో మూసేయాలి.

ఆ పొద్దున రెండు తట్టలు వంట దగ్గరికి పంపి, బొక్కలు మూస్తూ పోతుంటే ఒకదాని ముందు టమాటా కనిపించింది. సన్నటి గాటు పెట్టి లోపల మందు కూరి ఉంది. వెతికితే ఇంకో మూడు దొరికాయి. నవీద్‌ను నిలదీశాను. నిన్న సాయంత్రం పది పెట్టానని నేల చూపులు చూస్తూ చెప్పాడు. నా మాట పోతుందని భయపడ్డాడట. మిగతా ఆరు ఎలుకలు లాక్కుపోయి ఉంటాయన్నాడు.

భీమ్లన్న కుండ కింద పెట్టాడు. "పొద్దుగాల నీలి గట్టు పొంటి రాలినయి ఏరింది బిడ్డా."

నీలి ఆయన భార్య. తట్టలు మోసుకుపోయింది ఆమే.

పరుగెత్తాను. అప్పటికే పప్పుచారు పొయ్యి మీంచి దించారు. విస్తర్లు పరిచారు. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. నీలి కనిపించలేదు. చారులో ఎలుకల మందుందని, వడ్డించొద్దని అరిచాను. సమ్మె పనులు చూసే లచ్చిరాం, ఇది నా కోపమే అనుకుని, ఎలుకల ముచ్చట తర్వాత చూద్దామని గరిటె ముంచాడు. ఇక నాకు ఓపిక లేదు. కొంగు చేతులకు చుట్టుకుని గంగాళాన్ని ఒక్క తోపు తోశాను. చారంతా తారు రోడ్డు మీద పారింది.

"తెలంగాణ కోసం వండిన కూడు నేలపాలు జేసినవ్. ఎవ్వలు పంపిన్రు నిన్ను?" అన్నాడు లచ్చిరాం.

జనం చుట్టూ మూగారు. రోజూ వాళ్లతో కలిసి రోడ్డెక్కినదాన్ని, ఆ మాటకు నా కడుపు మండింది. ఇంతలో నవీద్ ఆయాసపడుతూ వచ్చి, నాలుగు టమాటాలు అందరికీ చూపించాడు.

"తప్పు నాది. మందు నేనే పెట్టిన."

అప్పుడు వెనక నుంచి నీలి వచ్చింది. తండాకు బయలుదేరి, అరుపులు విని వెనక్కి తిరిగిందట. ఒడి విప్పింది. ఆరు టమాటాలు. చారులో ఒక్కటీ పడలేదు. ఇంట్లో మనవరాలికి కూర వండుదామని దాచుకుంది. అందరి ముందూ దొంగలా తల వంచుకుని నిలబడింది. నేను గొడవ చేయకపోతే మధ్యాహ్నానికి ఆ పిల్ల అవే తినేది.

"రాలినయి ఇంటికి నేనే తీస్కపొమ్మన్న," అన్నాను, లచ్చిరాంకు వినబడేలా.

ఆ రోజు రోడ్డు మీద అందరం ఉత్త అన్నంలో కారం కలుపుకుని తిన్నాం. సాయంత్రం నీలీ నేనూ కలిసి బొక్కలు మూశాం. పొగకుండ మాత్రం నవీద్ చేతికిచ్చాను. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఊదమన్నాను.