మూడో నంబరు మిషను

అమ్మ నడిపే లాండ్రీలో ఉన్న నాలుగు మిషన్లలో మూడోదానికి కాళ్లున్నాయనేవారు. బట్టలు పిండే సమయానికి అది దడదడలాడుతూ గోడ దగ్గర్నుంచి కౌంటరు దాకా నడిచొచ్చేది. అడుగున అట్టముక్కలు పెట్టారు, ఇటుక అడ్డం పెట్టారు. దేనికీ లొంగలేదు. చివరికి అమ్మ ఆరేళ్ల చిట్టిని ఎత్తి దానిమీద కూచోబెట్టింది.

"గట్టిగా పట్టుకోవే, జరుగుతోంది!"

చిట్టి సంగీతానికి అదే శ్రీకారం. ముందు మెల్లగా ధన్, ధన్ అనేది. తర్వాత గుర్రం దౌడు తీసినట్టు. ఆఖర్న పళ్లు టకటకలాడేవి. దిగాక కూడా ఆ ఊపు చాలాసేపు మోకాళ్లలో ఉండిపోయేది.

పదేళ్లు వచ్చేసరికి సబ్బుపొడి డబ్బాలు బోర్లించి, విరిగిన హ్యాంగరు కర్రలతో వాయించడం మొదలుపెట్టింది. పైవాటాలో ఉండే టీచరమ్మకి చప్పుడంటే గిట్టదు. అందుకని అమ్మ ఒకటే షరతు పెట్టింది: మూడో నంబరు తిరుగుతున్నంతసేపే వాయించుకోవాలి. మిషను ఆగితే కర్రలూ ఆగాలి.

"దీనికి అదే గురువు, అదే తోడు," అని బట్టలిచ్చేవాళ్లందరితోనూ చెప్పి నవ్వేది.

చిట్టికి పద్నాలుగో ఏడు నడుస్తుండగా, బడి బ్యాండులో డ్రమ్ములు వాయించే అమ్మాయి చదువైపోయి వెళ్లిపోయింది. ఆ ఖాళీ సంగతి విన్నప్పట్నుంచి చిట్టికి అన్నం సహించలేదు. డబ్బాలు కాదు, అసలు డ్రమ్ములు!

బ్యాండు మాస్టారు పరీక్ష పెట్టారు. పాట మొదట్లో బాగానే సాగింది. సగానికొచ్చేసరికి బాకా ఊదేవాడికి ఊపిరందలేదు. ఒక్కొక్కరే ఆగిపోయారు. చిట్టి ఒక్కతే దౌడు తీస్తోంది.

"అమ్మాయ్, వెనక కుక్కలేమైనా తరుముతున్నాయా?" అన్నారు మాస్టారు. అందరూ గొల్లుమన్నారు. "చేతిలో సత్తువుంది, నడకే లేదు. వారం టైమిస్తున్నా. మొదలెట్టిన నడక చివరిదాకా నిలబెట్టావా, డ్రమ్ములు నీవి. లేకపోతే ఇంకొకళ్లవి."

ఇంటికొచ్చి భోరుమంది. "అంతా ఆ పాడు మిషను వల్లే! అమ్మేయ్ దాన్ని!"

అమ్మ ఇస్త్రీ ఆపలేదు. "దాన్నెందుకు తిడతావ్? దానికొచ్చింది అది నేర్పింది. ఇలా రా."

బల్ల పక్కన డబ్బా బోర్లించి, చప్పుడు పైకి పోకుండా దానిమీద తువ్వాలు మడిచి పరిచింది.

"నా చేతికేసి చూడు. తొందరపడ్డానా, ముడత. నాన్చానా, మాడు."

చొక్కా వీపు మీద ఒకటి, రెండు, మూడు. నాలుగుకి పెట్టె స్టాండు మీద టక్కుమనేది. మళ్లీ ఒకటి. మొదటిరోజు రెండో చొక్కాకే చిట్టి పరుగందుకుంది.

"ఎక్కడికే ఆ పరుగు? నేనింకా కాలరు దగ్గరే ఉన్నా!"

ఆరోరోజు ముప్ఫై చొక్కాలు ఇద్దరూ కలిసే నడిచారు. అమ్మ మెచ్చుకోలేదు, ఇంకో మూట విప్పింది.

వారం తిరిగాక మాస్టారు పాట పూర్తిగా విన్నారు. "రేపట్నుంచి ముందుగా రా. డ్రమ్ములు మోసుకోవాలి," అన్నారంతే.

ఏళ్లు గడిచాయి. లాండ్రీ మూతపడింది, మూడో నంబరు పాత ఇనుము కింద పోయింది. చిట్టి ఇప్పుడు రాక్ బృందంలో డ్రమ్మరు. పాట ఎంత రేగినా ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె నడక తప్పదు. ఒక్క పాటలో మాత్రం, ఆఖర్న, కావాలనే పగ్గం వదిలేస్తుంది.

ఆ పాట వినడానికి అమ్మ మొదటిసారి హాలుకొచ్చింది, చెవుల్లో దూది పెట్టుకుని. ముందు వరసలో బుద్ధిగా కూచుంది. ధన్, ధన్ అని మొదలై చప్పుడు చిక్కబడుతుంటే, అమ్మ దూది తీసేయడం చిట్టి డ్రమ్ముల వెనకనుంచి చూసింది. దౌడు అందుకునేసరికి అమ్మ లేచి, ముందున్న కమ్మీని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఏదో అరుస్తోంది. ఆ మోతలో ఏం వినబడుతుంది? పెదవులు కదిలిన తీరు చాలు, మిషను మీద కూచోబెట్టిన నాటి మాటే.

చిట్టి మోకాళ్లు బిగించింది.