మొదటి గడి

బిషారా నీలం పొడి అద్దిన దారాన్ని గోడకు అడ్డంగా బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలాడు. టప్పుమని గీత పడింది. అలా గీస్తూ పోతే పొద్దెక్కే వేళకు గోడ ఎనిమిది గళ్ళయింది. ఒక్కో గడిలో ఇంగ్లిషు భాషాభాగం ఒకటి రావాలి. అరబ్బీలో మాటలు మూడే రకాలు. ఇంగ్లిషువాళ్ళకు ఎనిమిది కావలసి వచ్చాయి. పనిలేక ఎక్కువ మాట్లాడే మనుషులు కాబోలని అతని అభిప్రాయం.

అతనికి ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు. అక్షరాలను బొమ్మల్లా చూసి దించుతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈజిప్టులోని మల్లవి ఊరి చుట్టుపక్కల బడి గోడల మీది రాత అంతా అతని చేతిదే. ఇప్పుడు కాళ్ళు పుల్లలయ్యాయి, పొట్ట కుండయింది, కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయం చెడింది, నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఎక్కకపోతే పైగళ్ళు ఎవరు రాస్తారని ఇతను ఎదురడిగాడు.

ఎక్కడ రాసినా నామవాచకపు గడిని, అంటే మొదటి గడిని, ఆఖరికి అట్టే పెడతాడు. దానికో కారణం ఉంది.

దెమియానా అతని ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ళు నిండాయి. బడి తెరవడానికి పది రోజుల ముందు జ్వరంతో చనిపోయింది. కుట్టించిన బడి గౌను మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. బడి గడప తొక్కని పిల్లను ఎలాగైనా బడికి పంపాలని ఆ తండ్రికి పట్టుకుంది. మనుషుల పేర్లు మొదటి గడిలోకి వస్తాయని ఒక పంతులు చెబితే, ఆయన చేతనే ఆ పేరు సిగరెట్టు పెట్టె అట్ట మీద ఇంగ్లిషులో రాయించుకున్నాడు. ఏడక్షరాలు. పిల్ల బతికిన ఏళ్ళకంటే ఒకటి ఎక్కువ. ఆ అట్ట ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంది. కళ్ళు మూసుకుని రాయగలిగినా, ప్రతి బడి గోడ మీదా దాన్ని తీసి చూసే రాస్తాడు.

ఈ సంగతి భార్య తెరీజాకు కూడా చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ పేరు పలికి ముప్ఫై ఏళ్ళు దాటింది. పలికితే ఆమె తట్టుకోలేదని ఇతను, ఇతను తట్టుకోలేడని ఆమె.

పోయినేడు చుట్టుపక్కల బడులన్నిటికీ కొత్త రంగు కొట్టారు. దెమియానా పేరు అన్ని గోడల మీదా మీగడరంగు కింద మరుగైపోయింది. మిగిలేది ఈ ఆడపిల్లల బడి గోడ ఒక్కటే. ఇంకో గోడ రాసే ఓపిక తనకు లేదని బిషారాకు తెలుసు.

ఏడు గళ్ళు అయ్యేసరికి హెడ్‌మిస్ట్రెస్ నగ్వా మేడమ్ వచ్చి చేతిలో కాగితం పెట్టింది. మొదటి గడికి మూడు మాటలు: పుస్తకం, కైరో, అహ్మద్.

"ఉన్నది ఉన్నట్టు దించు. పైవాళ్ళు వచ్చి చూస్తారు. ఒక్క మాట అటూ ఇటూ అయినా నా మెడకు చుట్టుకుంటుంది."

అలాగేనమ్మా అన్నాడు. ఆమె చెడ్డది కాదు. కాగితమంటే భయం, అంతే. రెండు మాటలు రాశాడు. మూడోదానికి చెయ్యి లేవలేదు. దిగివచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. తెరీజా కట్టిచ్చిన రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజల మూటను విప్పకుండానే పక్కన పెట్టాడు.

ఇంగ్లిషు టీచరు హనాన్ టీ తెచ్చి ఇచ్చింది. పాతికేళ్ళ పిల్ల, నవ్వుమొహం. గోడ వైపు చూసి అడిగింది.

"బాబాయ్, మూడోది దెమియానా కదా? మర్చిపోయావా?"

గ్లాసు కింద పెట్టాడు. నీకెలా తెలుసని అడిగాడు.

"మా బడి గోడ మీద ఉండేదిగా. రోజూ పొద్దున్నే చదివించేవాళ్ళు. నౌన్ అంటే ఇప్పటికీ ముందు ఆ పేరే నా నోటికొస్తుంది."

బిషారా గోడలు రాసేది వేసవి సెలవుల్లో. పిల్లలు లేని బడులే తప్ప అతను ఎరగడు. తన రాతను ఎవరైనా పైకి చదవగా ఒక్కనాడూ వినలేదు.

"గట్టిగా చదివేవాళ్ళా?"

"గట్టిగానా? కాలవ అవతల గేదెలు తలెత్తి చూసేవి."

ఒకసారి అలా చదవమన్నాడు. హనాన్ సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, పిల్లలా చేతులు కట్టుకుని రాగం తీసింది. ఆఖరి మాట దగ్గర అందరూ గొంతు పెంచేవాళ్ళట. ఆమె కూడా పెంచింది.

"అది నా కూతురమ్మా" అన్నాడు బిషారా.

ఆ పిల్ల వెళ్ళి నిచ్చెన పట్టుకుంది.

"రాసెయ్ బాబాయ్. మేడమ్‌కి నేను చెప్పుకుంటా."

ఏడక్షరాలకు రెండు గళ్ళకు పట్టినంత సేపు పట్టింది. రాసి దిగి, ఎదుటి వరండా స్తంభానికి చేరగిలబడి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మూడింటికి నగ్వా మేడమ్ చివాట్లు సిద్ధం చేసుకుని వచ్చింది. రెండుసార్లు పిలిచింది. భుజం తట్టింది. కుంచె అతని వేళ్ళ మధ్య అప్పటికే ఎండిపోయింది.

గోడ మీద అహ్మద్‌కు చోటు చాలలేదని మేడమ్ పైవాళ్ళకు రాసి పంపింది.

సెప్టెంబరులో బడి తెరిచిన రోజున తెరీజా పోయిన భర్త నిచ్చెన కోసం వచ్చింది. పక్కింటివాళ్ళు వాడుకుని ఇస్తామని అడిగారట. ఆమె నిచ్చెన మీద చెయ్యి వేసేసరికి, హనాన్ బెత్తం మొదటి గడి మీదికి వెళ్ళింది. వరుసల్లో నిలబడ్డ ఆడపిల్లలు ఒక్క గొంతుతో చదివారు. ఆఖరి మాటకు తెరీజా తల తిప్పి గోడకేసి చూసింది. గోడ మీద ఎవరి రాతో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. రెండోసారి చదివారు. మూడోసారి వాళ్ళతో పాటు ఆమె పెదవులూ ఆ పేరును పలికాయి.

ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చిన పని మరిచి, గేటు దాటి వెళ్ళిపోయింది. నిచ్చెన ఇంకా ఆ గడి కిందే గోడకు ఆని ఉంది. పై మెట్టు మీద నీలం రంగు బొటనవేలి ముద్ర ఒకటి ఎండి ఉంది.