విస్సన్న ముక్కు మీది ఎర్రగీతలు

నేను ఒక లేజరు యంత్రాన్ని. ముఖం మీద పైకి తేలిన ఎర్రటి రక్తనాళాలను కాల్చడం నా పని. ఇంకో పని రాదు.

పుట్టింది చలిదేశంలో. అక్కడి తెల్లవాళ్ళకు గాలి తగిలితే బుగ్గల మీద ఎర్రగీతలు లేస్తాయి. పన్నెండేళ్ళు ఆ బుగ్గలు కాల్చాను. నాకంటే కొత్తది రాగానే నన్ను ఓడ ఎక్కించారు. హైదరాబాదులో ఒక డాక్టరు నాకు రంగు వేయించి, కొత్తదని చెప్పుకున్నాడు. అలా నా ఒంటి మీది గీతలు కూడా మనుషులు దాచారు. అక్కడ అరిగాక రాజమండ్రిలో ఒక చర్మం డాక్టరమ్మ కొనుక్కుంది. తెచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి నా ముఖాన ఎర్రగా కుంకుమబొట్టు పెట్టింది. ఎరుపు కనబడితే కాల్చేదానికి ఎర్రబొట్టు. నాకు నవ్వడం రాదు.

"రబ్బరు బ్యాండు సాగదీసి వదిలినట్టుంటుంది, అంతే" అంటుంది డాక్టరమ్మ అందరితోనూ. తన ముఖం మీద ఎప్పుడూ పెట్టి చూసుకోలేదు.

చాలామందిని కాల్చాను. ఒక్కడు గుర్తున్నాడు. విస్సన్న. ఒక ఊరి అన్నసత్రంలో వంటవాడు. పచ్చని మనిషి, యాభై దాటాయి. నేలలో కందకంలా తవ్విన గాడిపొయ్యి ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. ఆ సెగకి ముక్కూ బుగ్గలూ ఎర్రటి దారాలు అల్లినట్టయిపోయాయి.

నర్సు రూతమ్మ అతణ్ణి పడుకోబెడుతూ అడిగింది.

"రోజుకి ఎంత పట్టిస్తారేంటి పంతులుగారూ?"

"కాఫీ కూడా తాగనమ్మా."

"అందరూ అదే అంటారండి."

అతను నవ్వలేదు. సత్రం ప్రెసిడెంటు రామభద్రరాజు కూడా అదే అన్నాడట. తాగుబోతు చేతి అన్నం భక్తులకి పెట్టనన్నాడట. మాఘపౌర్ణమి సంతర్పణ నాటికి ఆ మూతి అలాగే ఉంటే గరిటె ఇంకొకడికి ఇస్తానన్నాడట. విస్సన్నకి గరిటె తప్ప ఇంకేమీ చేతకాదు. ఆ పౌర్ణమి ఎల్లుండే.

ఇదంతా రూతమ్మతో చెప్పాడు. డాక్టరమ్మతో చెప్పలేదు.

"పది రోజుల్లో ఏమైనా శుభకార్యాలున్నాయా?" అందామె లోపలికి వస్తూనే.

ఉన్నాయంటే వెనక్కి పంపేస్తుందని భయపడ్డాడు. "లేవమ్మా" అన్నాడు. ఎందుకడిగిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. రూతమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. బయట ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.

"కొంచెం గట్టిగానే కానివ్వండమ్మా. ఒక్క దెబ్బతో పోవాలి."

డాక్టరమ్మ కాలికింద మీట నొక్కింది. నేను గట్టిగానే కాల్చాను. ఎరుపు ఎక్కడుంటే అక్కడ. జాలి చూపించే మీట నాకు పెట్టలేదు.

లేచి అద్దం చూసుకున్నాడు. ముక్కు మీదా బుగ్గల మీదా నేరేడుపళ్ళు చితికినట్టు నల్లగా కమిలిన మచ్చలు.

"ఇది ఎప్పటికి పోతుందమ్మా?"

"పది రోజులు. పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్ళకండి."

తువ్వాలు ముఖానికి కప్పుకుని వెళ్ళిపోయాడు.

నెల తర్వాత రెండోసారి వచ్చాడు. రూతమ్మ అడిగితే చెప్పాడు. పౌర్ణమి నాడు పంక్తి అంతా చూస్తుండగా రాజుగారు తువ్వాలు లాగేశాడట.

"రాత్రి ఏ కాలవగట్టున పడ్డావోయ్?"

జనం విరగబడి నవ్వారట.

"నా నోరు వాసన చూడండి బాబూ" అన్నాడట విస్సన్న.

"వాసనెందుకోయ్, మూతే చెబుతోందిగా!"

గరిటె అక్కడే లాక్కున్నారు. ముప్పై ఏళ్ళ మనిషిని విస్తళ్ళ మధ్యనుంచి నడిపించి బయటికి పంపారు.

"డాక్టరమ్మతో చెప్పాల్సింది పంతులుగారూ" అంది రూతమ్మ.

ఆ రోజు తను కూడా చెప్పి ఉండొచ్చు. ఆ మాట ఇద్దరూ అనుకోలేదు. మళ్ళీ కాల్చాను.

మూడోసారి వైశాఖంలో వచ్చాడు. ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది. నేను వెతికాను, కాల్చడానికి ఒక్క గీత లేదు. నాకు ముక్కు లేదు. రూతమ్మకి ఉంది. దగ్గరికి వంగి, చటుక్కున వెనక్కి జరిగింది.

"పంతులుగారూ! ఏంటిది?"

విస్సన్న మొదటిసారి నవ్వాడు.

"పని లేక ఇంట్లో కూర్చున్నానుగా అమ్మా. ఎలాగూ తాగుబోతునన్నారు. అలవాటైంది."

"మరి సత్రం?"

"మొన్న రాజుగారు కబురుపెట్టి పిలిచారు. నా ముఖం వెలుతురుకి తిప్పి చూశారు. మానేశావురా విస్సన్నా, బాగుపడ్డావు అన్నారు. గరిటె మళ్ళీ నా చేతికిచ్చారు."

"వాసన రాలేదా ఆయనకి?"

"ముఖం చూశారమ్మా. వాసనెవరు చూస్తారు?"

డాక్టరమ్మ అదేమీ వినలేదు. నా పనితనానికి మురిసిపోయింది. అతని రెండు ఫొటోలు, మొదటి రోజుదీ ఆ రోజుదీ, కళ్ళ మీద నల్లపట్టీ వేసి ఒకే పటం కట్టించి గోడకి తగిలించింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు పనిచేశాను. నా వెలుగు మందగించింది. నన్ను మెట్లకింద తోసేశారు. గోడకి సున్నం వేసినప్పుడు ఆ పటం తీసి నా మీదే పడేశారు.

ఇవాళ పాతసామాన్లవాడు వచ్చాడు. పటం మీద దుమ్ము ఊది, చాలాసేపు చూశాడు. ఎడమవైపు ఎర్రగీతల ముఖం మీద వేలు పెట్టాడు.

"ఈడు బాగా తాగి చెడ్డోడిలా ఉన్నాడండీ. ఇటేపాయన సూడండి, పెద్దమనిషి."

నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.