దిక్కులేని వేల్కో

మా ఇంటి గోడ మీద దేవుడి పటం తర్వాతి స్థానం వేల్కో నాయకుడిది. బారు మీసాలు, భుజాన తుపాకీ. టర్కీ పాలకుల మీద తిరగబడి చనిపోయాడు. మా నాన్న బొగోయాకు సొంత తాత. "మాసిడోనియా వీరుడు" అని నాన్న చెప్పని రోజు లేదు. వినేవాళ్లు దొరక్కపోతే పిల్లికి చెప్పేవాడు.

అలాంటి ఇంట్లో నా కూతురు ఎలిత్సా ఒక బల్గారియా కుర్రాణ్ణి ప్రేమించింది. పేరు ప్లామెన్.

"బల్గారియా వాళ్లు మన చరిత్ర ఎత్తుకుపోయింది చాలక, పిల్లని కూడానా?" అన్నాడు నాన్న.

"తాతా, నేను చేసుకునేది చరిత్రని కాదు, ప్లామెన్‌ని."

చివరికి ఒప్పుకున్నాడు. ముహూర్తం పెట్టడానికి ప్లామెన్ వాళ్లతో పాటు మా చర్చి నవూమ్ ఫాదర్‌ని కూడా భోజనానికి పిలిచాం. ప్లామెన్ తాత స్పాస్, కూరిన మిరపకాయ నోటి దాకా తెచ్చి, గోడ వైపు చూసి ఆగిపోయాడు.

"ఈయన మా తాత. ఇదే పటం మా ఇంట్లోనూ ఉంది. బల్గారియా వీరుడు."

రెండు గంటలు వాదించుకున్నారు. రకియా సారా సీసా ఖాళీ అయింది. అప్పుడు ఫాదర్ చెంచా కింద పెట్టాడు.

"ఇద్దరికీ తాతేనా? అయితే పిల్లలు అన్నాచెల్లెళ్లు. ఏడు తరాల లోపు నెత్తురు కలిస్తే నేను పెళ్లి కిరీటాలు పెట్టను."

ఎలిత్సా ఏడవలేదు. తాత వైపు చూసిందంతే.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "మా తాత గాడిదలు తోలుకునేవాడు బావగారూ. పటం మీవాడిదే. బల్గారియా వాడే."

డెబ్బై తొమ్మిదేళ్లలో ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు.

స్పాస్ మాత్రం తక్కువ తిన్నాడా! "ఎంత మాట! మీ వీరుణ్ణి మేం లాక్కుంటామా? ఆయన మాసిడోనియా వాడే. మా తాత ఉత్త వంటవాడు."

ఇచ్చేయడం కోసం ఇంకో గంట కొట్టుకున్నారు. ఆఖరికి వేల్కో తమకేమీ కాడని ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టారు. ఫాదర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెళ్లి బాగా జరిగింది. పటం అటక ఎక్కింది.

పితృదేవతల శనివారం వచ్చింది. ఉడకబెట్టిన గోధుమల గిన్నె తీసుకుని నాన్న గుట్ట మీది వేల్కో సమాధికి బయల్దేరాడు. తోడు వెళ్లాను. అక్కడ అప్పటికే స్పాస్ కూర్చుని ఉన్నాడు, పక్కన ఒక గిన్నె. తెల్లారకముందే లేచి సరిహద్దు దాటి వచ్చాడట.

"మీరేంటి ఇక్కడ?" అన్నాడు నాన్న.

"దిక్కులేనివాడు కదా పాపం. ఎవరో ఒకరు పెట్టాలిగా."

"నేనూ అందుకే వచ్చా."

సమాధికి చెరో పక్కన కూర్చుని గిన్నెలు మార్చుకున్నారు.

"మీ గోధుమల్లో చక్కెర ఎక్కువైంది" అన్నాడు నాన్న.

"మా తాతకి తీపి ఇష్టమట" అనేసి, స్పాస్ నాలుక కరుచుకున్నాడు.

ఫాదర్ దరిదాపుల్లో లేడు కదా అని నాన్న ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"మా తాతకీ అంతేనట" అన్నాడు మెల్లిగా.